ముందు మట్టి, ఆఖరున చేప

చెల్లీ, పిల్లలు చేపల తొట్టి కోసం పట్టుబడుతున్నారనీ, ఈ ఆదివారం మరిదిగారు షాపుకి తీసుకెళ్తానన్నారనీ చెప్పావు కదా. వెళ్ళండి, సంతోషంగా వెళ్ళండి. తొట్టి కొనుక్కోండి. చేపలు మాత్రం కొనకండి. చేపలు కొనే ఆదివారం ఇంకో రెండు నెలలు దాటాక వస్తుంది. ఈలోపు ఆ తొట్టిలో మట్టి పోసి, మొక్కలు నాటి, వాటిని వేరు పట్టనిద్దాం. ముందు మట్టి, తర్వాత మొక్క, ఆఖరున చేప. ఈ వరస తప్పకపోతే మిగతా పనంతా తేలికే. ఫోన్లో చెబుతూ ఉంటే మధ్యలో నీ కుక్కరు విజిల్ వేస్తుంది, సగం మాటలు గాలికి పోతాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మన ఇళ్ళలో మామూలుగా ఏం జరుగుతుందో నీకూ తెలుసు. గాజు తొట్టి, నీలం రంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్క, గాలి పంపు, అరడజను గోల్డ్ ఫిష్, అన్నీ ఒకే సాయంత్రం ఇంటికి వస్తాయి. వారం తిరిగేసరికి చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటాయి. ఓ పొద్దున్న ఒకటి తేలుతుంది, మర్నాడు ఇంకోటి. పిల్లలు ఏడుస్తారు. పెద్దవాళ్ళు "మన ఇంటికి చేపలు అచ్చిరాలేదమ్మా" అని తొట్టి అటక మీద పెట్టిస్తారు. అచ్చిరావడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు చెల్లీ. ఆ చేపల్ని చంపింది అమ్మోనియా.

చేప ఒంట్లోంచి అమ్మోనియా నిరంతరం బయటికి వస్తూనే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండానే నీళ్ళలో కలుస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్ళినా అదే. చెరువులో అయితే దాన్ని తినేసే బాక్టీరియా ఉంటాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషాలే, నైట్రేట్ మాత్రం అంత ప్రమాదం కాదు. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా ఇంకా కుదురుకోవు. వాటికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇక్కడే మొక్క ఆదుకుంటుంది. నీటిమొక్కలకి అమ్మోనియా నేరుగా ఆహారం, చాలా మొక్కలు నైట్రేట్‌ కంటే దాన్నే ముందు తీసుకుంటాయి. తొట్టి నిండా మొక్కలుండి, అవి బాగా ఎదుగుతూ ఉంటే, నీళ్ళు శుభ్రం చేసే పని సగానికి పైగా అవే చేసేస్తాయి. మొక్క ఎదగాలంటే కాళ్ళ కింద మట్టి ఉండాలి. రంగు రాళ్ళలో ఏ మొక్కకీ తిండి దొరకదు.

ఈ తొట్టి కథలో ఆడవాళ్ళ పాత్ర చాలా ఉంది, నీకు చెప్పాలనిపించింది. నీటి జీవుల్ని గాజు తొట్టిలో పెట్టి గమనించడం మొదలుపెట్టిన వాళ్ళలో ముందువరసలో ఉన్నది జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్సులోని పల్లెటూళ్ళో పుట్టి, పారిస్‌లో బట్టలు కుట్టి బతికిన మనిషి. పెళ్ళయ్యాక సిసిలీ దీవిలోని మెస్సినాకి వెళ్ళి, అక్కడి సముద్రజీవుల మీద మనసు పెట్టి, 1832లో గాజు తొట్టెలు చేయించుకుంది. ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన పెంకుని తనే తయారుచేసుకుంటుందని ఆ తొట్టెల్లో చూసి నిరూపించింది. తర్వాత 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఓ తొట్టిలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌నీ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనీ పెట్టి, ఒకదాన్నొకటి ఎలా బతికిస్తాయో రాశాడు. కుళ్ళిన ఆకులతో నీళ్ళు మసకబారితే నత్తల్ని వేశాడు, అవి ఆ ఆకుల్ని తిని శుభ్రం చేశాయి. ఆ తొట్టి అడుగున ఉన్నవి ఇసుకా, బురదా.

మన కాలానికి వస్తే, మట్టి తొట్టి పద్ధతికి పేరు తెచ్చింది డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త. 1999లో ఆవిడ రాసిన 'ఎకాలజీ ఆఫ్ ద ప్లాంటెడ్ అక్వేరియం' పుస్తకం వచ్చింది. ఖరీదైన ఎరువులూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లూ లేకుండా, కాస్త మామూలు మట్టి, పైన సన్న గులక, కిటికీ వెలుతురు, నిండుగా మొక్కలు పెడితే తొట్టి తనని తను చూసుకుంటుందని ఆవిడ వివరంగా చూపించింది. నేను నీకు చెప్పబోయేది దాదాపు ఆ పద్ధతే. మన మట్టికీ, మన ఎండకీ, మన బోరు నీళ్ళకీ తగ్గట్టు సర్దుకున్నాను.

ఇక పనిలోకి వద్దాం. తొట్టి మరీ చిన్నది వద్దు. బల్ల మీద పెట్టుకునే గుండ్రటి గాజు గిన్నెలో నీళ్ళు కొద్దిగానే ఉంటాయి, ఏ చిన్న తేడా వచ్చినా తట్టుకోలేవు. పద్దెనిమిది అంగుళాల పొడవు, పన్నెండు వెడల్పు, పన్నెండు ఎత్తు ఉన్నది తీసుకో. సుమారు 40 లీటర్లు పడుతుంది. అన్నీ కలిపి బరువు 50 కిలోల దగ్గరికి వస్తుంది కాబట్టి టీవీ పక్కన ఊగే బల్ల మీద పెట్టకు. గట్టి చెక్క బల్లో, కడప్పరాయి గట్టో ఉండాలి, తొట్టి కింద పలచటి థర్మోకోల్ షీటు పరవాలి. ఒకసారి నింపాక జరపడానికి వీలుండదు, చోటు ముందే నిర్ణయించుకో. తూర్పు కిటికీ పక్కన అయితే మంచిది. పడమటి ఎండ తగిలేచోట వద్దేవద్దు. నీ హాల్లో పూజ గది పక్క గోడ ఉందే, అది నాకు నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, మట్టి. తొట్టి అడుగున ఒక అంగుళం మందం పరవడానికి మూడున్నర లీటర్ల మట్టి చాలు. నర్సరీలో ఎర్రమట్టి సంచి దొరుకుతుంది, చిన్నది తెచ్చుకో. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది, మొక్కలకి అది కావాలి. అందులోని బంకరేణువులు పోషకాల్ని పట్టి ఉంచి వేళ్ళకి మెల్లగా అందిస్తాయి. నాలుగు పాళ్ళ ఎర్రమట్టికి బాగా మాగిన వర్మీకంపోస్టు ఒక పాలు కలుపు, అంతకి మించొద్దు. నల్లరేగడి ఒక్కటే వేస్తే నీళ్ళు తేటపడటానికి చాలా ఆలస్యమవుతుంది, పైగా అందులో సున్నపు గుళ్ళు ఉంటాయి. చవుడు మట్టి అసలు ముట్టుకోకు. పచ్చిపేడ, యూరియా, డీఏపీ, వేపపిండి కలిపిన కుండీ మట్టి కూడా వద్దు. కుండీలకి బాగుంటుందని వాటిని కలుపుతారు, తొట్టిలో అవే ప్రాణాంతకం. పురుగుమందు కొట్టిన పెరటి మట్టి కూడా అంతే. కొబ్బరి పీచు పొడీ, తెల్లటి పెర్లైటు గింజలూ ఉన్న మిశ్రమం తెస్తే అవన్నీ పైకి తేలి చికాకు పెడతాయి.

తెచ్చిన మట్టిని ముందు జల్లెడ పట్టు. పిండి జల్లెడ కాదు, రవ్వ జల్లెడ. పుల్లలూ, రాళ్ళూ, గడ్డి వేళ్ళూ పోతాయి. తర్వాత బకెట్లో వేసి నిండా నీళ్ళు పోసి చేత్తో కలిపి వదిలెయ్. పైకి తేలిన చెత్తని, అడుగు మట్టి కదలకుండా ఒంపెయ్. ఒకరోజు నానాక నీళ్ళు వార్చి, మట్టిని పాత గోనెపట్టా మీద పలచగా ఆరబెట్టు. ఆరాక మళ్ళీ నానబెట్టు, మళ్ళీ ఆరబెట్టు. మూడు నాలుగు సార్లు ఇలా తడుపుతూ ఆరబెడుతూ ఉంటే, మట్టిలో పచ్చిగా ఉన్న పదార్థాన్ని బాక్టీరియా ముందే తినేస్తాయి, తొట్టిలో మొదటి వారాల్లో ఎగిసిపడే అమ్మోనియా చాలా తగ్గుతుంది. పిల్లల చేత చేయించు, ఎండాకాలం సెలవుల్లో అయితే వాళ్ళకి పండగే.

తొట్టిలో పోసేముందు సీసా పరీక్ష ఒకటి చేసి తీరాలి. ఆవకాయ పెట్టుకునే వెడల్పు మూతి గాజు సీసా తీసుకో. అడుగున అంగుళం మట్టి, పైన అంగుళం ఇసుక, నెమ్మదిగా నీళ్ళు. అందులో ఓ నీటిమొక్క కొమ్మ గుచ్చి, మూతికి పలచటి గుడ్డ కట్టి కిటికీలో పెట్టు. రెండు వారాలు గమనించు. నీళ్ళు తేటపడ్డాయా, కొమ్మ చివర లేత ఆకు వచ్చిందా చూడు. ముక్కు దగ్గర పెట్టుకో. చెరువు గట్టు మీద వచ్చే మట్టివాసన వస్తే నీ మట్టి మంచిది. కుళ్ళిన గుడ్డు కంపు గుప్పుమంటే వర్మీకంపోస్టు ఎక్కువైందని అర్థం, కొంచెం ఎర్రమట్టి కలిపి మళ్ళీ సీసా పెట్టు. అలాగే పైన వేసే ఇసుక చిటికెడు తీసి నిమ్మరసం పిండు. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉందన్నమాట, ఆ ఇసుక మార్చెయ్.

మట్టి నీళ్ళ కింద ఎందుకు కుళ్ళిపోదు అని అడుగుతావు. మన ఊళ్ళో తాతయ్య వరిమడి గుర్తుందా? ఆ మడిలో జరిగేదే నీ తొట్టిలోనూ జరుగుతుంది. దమ్ము చేసి నీళ్ళు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలో ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు మట్టిలోని బాక్టీరియా నైట్రేట్‌నీ, మాంగనీసునీ, ఆ తర్వాత ఇనుమునీ వాడుకోవడం మొదలుపెడతాయి. ఎర్రగా తుప్పు రూపంలో ఉన్న ఇనుము నీళ్ళలో కరిగే రూపానికి మారుతుంది, మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. అలా కరిగిన ఇనుమునే వేరు తీసుకుంటుంది. ఇంకా ముందుకి పోతే కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అది వేళ్ళకి చేటు. మరి వరి ఎలా బతుకుతోంది? ఆకుల నుంచి కాడలోని గాలి గొట్టాల గుండా ప్రాణవాయువుని వేళ్ళ దాకా పంపుకుంటుంది, వేరు చుట్టూ ఉన్న మట్టికి అది కొంత అందుతుంది. వరిదుబ్బు పీకి కడిగితే వేళ్ళ మీద ఎర్రటి తుప్పు పూత కనిపిస్తుందే, అది అలా వచ్చిందే. కరిగిన ఇనుము వేరు దగ్గరి ప్రాణవాయువు తగిలి మళ్ళీ తుప్పయింది. తొట్టిలో నాటే వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ లాంటి మొక్కలు కూడా వేళ్ళ నుంచి మట్టికి గాలి అందిస్తాయి. అందుకే మట్టి పోసిన రోజే నిండుగా నాటాలి. వేళ్ళు లేని మట్టి పాడవుతుంది, వేళ్ళు నిండిన మట్టి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మట్టి మందం అంగుళం దాటకూడదని చెప్పేది కూడా ఇందుకే.

సీసాలో పాసైన మట్టిని తొట్టిలో తడిగా ఉండగానే పరుచు. ముందువైపు గాజు దగ్గర ఒక అంగుళం వెడల్పు వదిలి మట్టి పొయ్యి. ఆ ఖాళీలో ఇసుకే వేస్తే ఎదురుగా బురద కనిపించదు, వెలుతురు తగిలి గాజుకి పాచీ పట్టదు. మట్టి మీద అంగుళం మందం ముతక ఇసుక కప్పాలి. రెండు మూడు మిల్లీమీటర్ల గింజ ఉంటే సరిపోతుంది. మరీ సన్న ఇసుక గట్టిపడి మట్టికి ఊపిరాడనివ్వదు, పెద్ద గులకరాళ్ళు అయితే సందుల్లోంచి మట్టి పైకొస్తుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పూ గవ్వముక్కలూ ఉంటాయి. ఏటి ఇసుకని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు, బియ్యం కంటే ఎక్కువసార్లు పడుతుంది, విసుక్కోకు.

ఇసుక తడిసి, పైన వేలెడు నీళ్ళు నిలిచేదాకా పోసి, అప్పుడు నాటడం మొదలుపెట్టు. పొడవాటి పట్టకారు ఉంటే సుఖం, కంటి వైద్యులు వాడే మాదిరి సన్నటివి షాపులో దొరుకుతాయి. కాడ మొక్క అయితే కింద రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ కణుపులు ఇసుక దాటి మట్టిలోకి దిగేలా కొంచెం ఏటవాలుగా గుచ్చు. నిటారుగా గుచ్చితే తేలిపోతుంది. పట్టకారు మెల్లగా వదులు చేసి, ఊపకుండా పైకి తియ్యి. దుబ్బుగా పెరిగే మొక్కకి వేళ్ళు రెండంగుళాలు ఉంచి కత్తిరించి నాటు, కొత్త వేళ్ళు తొందరగా వస్తాయి. వేరూ కాండమూ కలిసేచోటు మట్టిలో పూడిపోకూడదు. అన్నీ నాటేసరికి మొత్తం అడుగు భాగంలో ముప్పావు వంతు మొక్కలే కనిపించాలి. "ఇంత ఎక్కువా" అనిపించినప్పుడు ఇంకో గుప్పెడు నాటు.

నాటాక నీళ్ళు నింపే పని చాలా నిదానంగా జరగాలి. మొక్కల మీద పాలిథిన్ కవరు పరిచి, దానిమీద సాసరు పెట్టి, ఆ సాసరు మీద మగ్గుతో సన్నధారగా పొయ్యి. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, వెడల్పు బకెట్‌లో ఒక పూటా ఒక రాత్రీ మూత లేకుండా ఉంచు, లేదా షాపులో దొరికే క్లోరిన్ చుక్కలమందు వాడు. బోరు నీళ్ళు కఠిన జలమైతే భయపడకు. వాలిస్నేరియాకీ, మనం తెచ్చుకోబోయే గప్పీ చేపలకీ అలాంటి నీళ్ళే ఇష్టం. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, నీళ్ళు క్షారంగా ఉన్నప్పుడు అమ్మోనియా మరీ విషమవుతుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే విషరూపంలో ఉంటే, 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 దగ్గర అది 6 శాతం దాటుతుంది. నీది బోరు నీళ్ళ అపార్టుమెంటు కాబట్టి చేపల విషయంలో నువ్వు ఇంకాస్త ఓపిక పట్టాలి.

మొక్కలేవి అంటావా? ఖరీదైనవేవీ అక్కర్లేదు. వెనక వరసలో వాలిస్నేరియా. మన కాలవల్లోనూ చెరువుల్లోనూ రిబ్బన్ల మాదిరి ఊగేది అదే, పిలకలు వేసుకుంటూ తనే పాకుతుంది. పక్కన హైగ్రోఫిలా. వాటర్ విస్టీరియా అని అమ్ముతారు, మన దేశపు మొక్కే, వేగంగా పెరిగి అమ్మోనియాని తాగేస్తుంది. హైడ్రిల్లా కూడా మంచిదే. మధ్యలో బకోపా, రొటాలా. ముందు వరసలో శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకొరైన్ వెండ్టి. నాటిన కొత్తలో దాని ఆకులన్నీ కరిగిపోయినట్టు అయిపోతాయి, పీకి పారెయ్యకు. వేరు బతికే ఉంటుంది, కొత్త ఆకులు మళ్ళీ వస్తాయి. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటివి తెస్తే వాటి కొమ్ముని మట్టిలో పూడ్చకు, రాయికో చెక్కకో దారంతో కట్టు. నీళ్ళ మీద తేలే మొక్క కాస్త ఉండాలి, సాల్వీనియా గానీ చిన్న అంతర తామర గానీ. అవి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి కాబట్టి అన్నిటికంటే వేగంగా పెరుగుతాయి, నీళ్ళలోని మిగులు పోషకాలు లాగేసి పాచిని ఆపుతాయి. సగం నీటిని మించి కప్పకుండా వారం వారం తీసెయ్. నీ బాల్కనీలో మనీ ప్లాంట్ ఉందిగా, ఒక తీగ తెచ్చి వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచుకి తగిలించు. అదీ అదే పని చేస్తుంది.

దీపానికి తెల్లటి కాంతి ఇచ్చే 9 వాట్లదో 12 వాట్లదో ఎల్‌ఈడీ చాలు, 6500 కెల్విన్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని పొద్దున్నుంచి రాత్రి దాకా వెలిగించకు. పొద్దున నాలుగైదు గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలు విరామం, మళ్ళీ సాయంత్రం నాలుగు గంటలు. ఇది వాల్‌స్టాడ్ చెప్పిన మాటే. పొద్దున వెలుతురులో మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటాయి, ఆ విరామంలో మట్టిలోంచీ, నీళ్ళలోని జీవుల శ్వాసలోంచీ అది మళ్ళీ చేరుతుంది. సాయంత్రం పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి తొట్టి వెలుగుతూ ఉంటుంది కూడా. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా కట్టు, తడి వైరు వెంట జారినా స్విచ్చులోకి పోకుండా కింద చుక్కగా రాలిపోతుంది. చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపాలి, ఈ మాట పిల్లలకి మొదటిరోజే చెప్పు.

మొదటి నెలలో నీకు కంగారు పుట్టించేవి కొన్ని జరుగుతాయి. నీళ్ళు లేత గోధుమరంగు తిరుగుతాయి, మట్టిలోని ఆకు పదార్థం దిగడం వల్ల. ఒక వారంలో తెల్లటి మసక కమ్ముతుంది, బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల. ఇసుకలోంచి బుడగలు లేస్తాయి. వేళ్ళు ఇంకా పాకని చోట ఆ గాలి నిలిచిపోకుండా స్వెటర్ అల్లే సూదితో మెల్లగా గుచ్చు. గాజుకి పాచి పడితే పాత గుడ్డతో తుడిచెయ్. మొక్కలతో పాటు చిన్న నత్తలు వస్తాయి, రానివ్వు, అవి కుళ్ళిన ఆకులు తింటాయి. ఎప్పుడైనా అవి విపరీతంగా పెరిగితే మేత ఎక్కువ వేస్తున్నావని లెక్క. ఈ నెలంతా రెండు మూడు రోజులకోసారి మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యి. తీసిన నీళ్ళు తులసికీ, మిరపమొక్కలకీ పొయ్యి, వాటికి మంచి బలం.

ఇంకో ముఖ్యమైన సంగతి. "నిలవ నీళ్ళు పెడితే దోమలొస్తాయి" అని మీ అత్తగారు అంటారు. ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. డెంగీ దోమ శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, మన తొట్టిలో మొదటి నెల చేప ఉండదు. కాబట్టి దోమతెర ముక్క కత్తిరించి, ఎలాస్టిక్ కుట్టి తొట్టికి తొడుగు. వారింగ్టన్ కూడా తన తొట్టి మీద మస్లిన్ గుడ్డే కప్పాడు. తర్వాత గప్పీలు వచ్చాక దిగులుండదు, దోమపిల్లలు వాటికి ఇష్టమైన తిండి. మన మున్సిపాలిటీలు దోమల నివారణకి గుంటల్లో వదిలే చేపల్లో గప్పీ కూడా ఉంది కదా, ఆ సంగతి ఆవిడకి చెప్పు, ఆవిడే రోజూ మేత వేస్తానంటారు.

నెల దాటాక అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే చుక్కల కిట్ ఒకటి కొను. రెండూ సున్నా చూపించి, వారం తర్వాత మళ్ళీ సున్నాయే చూపించి, మొక్కలకి కొత్త ఆకులూ పిలకలూ వస్తూ ఉంటే చేపల ఆదివారం వచ్చినట్టే. అప్పుడూ రెండో మూడో తెచ్చుకో, ఇంకో రెండు వారాలు ఆగి మిగతావి. నీ తొట్టికి ఆరు మగ గప్పీలు సరిపోతాయి. మగవే ఎందుకంటే, ఆడ గప్పీ నెలకోసారి పిల్లల్ని పెడుతుంది, ఒకసారి జతకట్టాక నెలల తరబడి మళ్ళీ మగచేప అవసరం లేకుండానే పెడుతూ పోతుంది. గప్పీలు వద్దనుకుంటే హనీ గౌరామీ జంట తెచ్చుకో, మన గంగా బ్రహ్మపుత్రల వైపు చేప, నెమ్మదైనది. గోల్డ్ ఫిష్ మాత్రం వద్దు, అది పెద్దదవుతుంది, మొక్కల్ని పెకలిస్తుంది, దాని మురికి ఈ చిన్న తొట్టి మొయ్యలేదు. మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. మొక్కలకి వేరే ఎరువు అక్కర్లేదు, చేపల మేతే తిరిగి తిరిగి వాటికి ఎరువవుతుంది. నీళ్ళు ఇక వారానికోసారి నాలుగో వంతు మారిస్తే చాలు. మట్టిని కెలికే సైఫన్ గొట్టాలు వాడకు, మొక్క ఎక్కువైతే పీకకు, కత్తెరతో కోసెయ్.

మన ఏప్రిల్, మే నెలలు తొట్టికి పరీక్ష. నీళ్ళు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువుని పట్టి ఉంచలేవు. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా పట్టేవి, 32 డిగ్రీలకి 7కి కొంచెం పైన ఆగిపోతాయి. మూత తీసేసి చిన్న ఫ్యాను నీటి మీదకి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు నీళ్ళు పొయ్యి, మేత సగానికి తగ్గించు, దీపం గంటలు కుదించు. చిన్న స్పాంజి ఫిల్టరూ గాలి పంపూ ఉంటే ఆ రోజుల్లో మేలు. కరెంటు పోయినా కంగారుండదు, ఈ తొట్టి ప్రాణం పంపులో లేదు, మొక్కల్లోనూ మట్టిలోనూ ఉంది.

ఆఖరుగా ఒక్క మాట, ఇది నువ్వు పిల్లలకి గట్టిగా చెప్పాలి. తొట్టిలో ఎక్కువైన మొక్కనిగానీ, పెంచలేకపోయిన చేపనిగానీ చెరువులో, కాలవలో వదలకూడదు. గుర్రపుడెక్క మన చెరువుల్ని ఎలా కప్పేసిందో చూస్తూనే ఉన్నాం. తొట్టి గాజుకి పాచి తింటుందని కొనుక్కొచ్చే సక్కర్ చేప, కాలవల్లోకి చేరి మన మత్స్యకారుల వలలు చింపుతోంది, వాళ్ళు దాన్ని రాకాసి చేప అంటున్నారు. మిగిలిన మొక్కల్ని ఎండబెట్టి కుండీ ఎరువులో కలుపు. చేపలు ఎక్కువైతే తొట్టి ఉన్న ఇంకో ఇంటికి ఇవ్వు.

ఈ రెండు నెలలూ పిల్లలు రోజూ "చేపలెప్పుడమ్మా" అని అడుగుతారు. వాళ్ళని సీసా దగ్గర కూర్చోబెట్టు. కొత్త ఆకుల్ని లెక్కపెట్టమను, వేరు గాజు పక్కనుంచి ఎంత దిగిందో స్కెచ్ పెన్నుతో గీత గియ్యమను, నత్త గుడ్లు వెతకమను. ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకునే ముందు దానికి ఇల్లు సిద్ధం చెయ్యాలన్న సంగతి వాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. వాలిస్నేరియా, హైగ్రోఫిలా నువ్వు కొనొద్దు. మా తొట్టిలో పిలకలు బోలెడున్నాయి, తడి కాగితంలో చుట్టి కవర్లో పెట్టి పంపిస్తాను. నీ సీసా మట్టి పాసయ్యాక చెప్పు, మర్నాడే కొరియర్‌లో వేస్తాను.